పదమూడు బస్తాల స్లాబు

మా మేస్త్రి టేపు వాడేవాడు కాదు. టేపు ఉండేది, జేబులోనే ఉండేది, ఇంజనీరు ఎవరైనా వస్తే మర్యాదకి బయటికి తీసేవాడు. మిగతా రోజుల్లో పాదాలతోనే కొలిచేవాడు. మడమకి బొటనవేలు ఆనిస్తూ గోడ వెంట ఒకసారి నడిచి, అడ్డంగా ఇంకోసారి నడిచి, గది మధ్యలో నిలబడి ఎడమకన్ను మూసేవాడు. పెదవులు కూడా కదిలేవి కావు. "పదకొండు బస్తాలు" అనేవాడు. లేదా "ముప్పై నాలుగు". ఇసుక ఎంతో, కంకర ఎంతో ఆ వెనకే చెప్పేవాడు. ఇంటివాళ్లు ఆ మాట మీదే సరుకు దింపించేవాళ్లు. పోత ముగిసేసరికి మిగిలే కాంక్రీటు ఒక్క తట్టకి మించేది కాదు. అందుకే అతనికి ఒక్కతట్ట మేస్త్రి అని పేరు పడిపోయింది. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటి ఉందిగానీ, దాన్ని అతని పెళ్లిరోజున తప్ప ఎవరూ వాడగా నేను వినలేదు.

నేను సెంట్రింగ్ పనివాణ్ణి. కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని కిందనుంచి మోసే చెక్కల అచ్చూ, ఆ అచ్చుని మోసే కర్రలూ నావి. అతని లెక్క నా చెక్కల మీద పడుకునేది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

లెక్క సరిపోవడంలో ఏముంది, చాలకపోతే ఇంకో బస్తా తెప్పించుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. తెప్పించుకోవచ్చు. కాకపోతే స్లాబు ఒకే ఊపులో పోయాలి. మధ్యలో ఆగితే, పాతదానికీ కొత్తదానికీ నడుమ అతుకు పడుతుంది, ఆ అతుకులోంచి జీవితాంతం నీళ్లు దిగుతాయి. అలాగని భయంతో ఎక్కువ కలిపితే, మిగిలినది సాయంత్రానికి వాకిట్లో రాయి అవుతుంది. ఒకసారి అన్నం తింటూ అతను నాకు లెక్క విడమరచి చెప్పాడు.

"డెబ్బై ఘనపుటడుగుల కాంక్రీటు కావాలంటే డెబ్బై అడుగుల సరుకు వేస్తే చాలదురా వడ్రంగీ. కంకర సందుల్లోకి ఇసుక దూరుతుంది, ఇసుక సందుల్లోకి సిమెంటు దూరుతుంది. మూడో వంతు ఎటుపోయిందో తెలియకుండా పోతుంది. ఆ పోయేదెంతో తెలిసినవాడే మేస్త్రి."

"తెలియనివాడు?"

"కాంట్రాక్టరు" అన్నాడు. ఆ తరవాత ముద్ద నోట్లో పెట్టుకుని తనే నవ్వాడు.

గర్వం ఉండేది. ఎందుకుండదు? చదువు లేదు, పొలం లేదు, ఉన్నదల్లా ఆ ఒక్క అంకె. నేను వెక్కిరించేవాణ్ణి గానీ, అతని పక్కన పనిచేస్తున్నానని చెప్పుకోవడం నాకూ బాగానే ఉండేది.

అతనికి ఒక్కతే చెల్లెలు. బట్టలు కుడుతుంది. ఆమె భర్త బస్సు నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇరవై రెండేళ్ల కిందట వాళ్లు ఇల్లు కట్టుకున్నారు. ముందుగది పద్నాలుగు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. స్లాబు మందం ఐదంగుళాలు. మేస్త్రి మామూలుగానే నడిచాడు, కన్ను మూశాడు, "పదమూడు" అన్నాడు. చెల్లెలు పదమూడే దింపించింది. మూడిళ్ల అవతల వాళ్లకి కూడా వినపడేలా చెప్పింది:

"మా అన్నయ్య పదమూడు అన్నాడంటే పద్నాలుగోది కొట్టువాడి దగ్గరే ఉండనివ్వండి."

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆ గది నేల కొత్తగా నింపిన మట్టి. అలాంటి నేల మీద కర్ర నిలబెడితే కింద చెక్క పలక వెయ్యాలి, లేకపోతే బరువుకి కర్ర మట్టిలోకి దిగిపోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, నేనే పదిమందికి నేర్పాను. గోడల వారగా అన్ని వరసలకీ పలకలు వేశాను. మధ్య వరసలకి వచ్చేసరికి పలకలు అయిపోయాయి. రేపు పొద్దున్నే తెచ్చి వేద్దాంలే అనుకున్నాను. ఆ రాత్రి వాన పడింది. పొద్దున్న నేను వచ్చేసరికే తట్టలు అందించే ఆడవాళ్లు వరసకట్టి నిలబడి ఉన్నారు, పోత మొదలైపోయింది. నోరు మూసుకుని మేడెక్కాను.

సగం పోత అయ్యాక అనుమానం వచ్చి కిందికి దిగి చూశాను. మధ్య కర్రలు అంగుళం మేర మట్టిలో దిగి ఉన్నాయి. వాటితోపాటు పైన అచ్చు కూడా దిగింది. అంటే పైన పోసే కాంక్రీటు, లెక్కలో లేని గుంటలోకి పోతోంది. ఇంక దిగకుండా కర్రల కింద చెక్క సీలలు కొట్టి బిగించి పైకొచ్చాను.

"కింద ఎలా ఉందిరా?" అని అడిగాడు మేస్త్రి.

"బాగానే ఉంది" అన్నాను.

ఆ రెండు మాటలే. వాటి బరువెంతో నాకు అప్పుడు తెలియదు.

మధ్యాహ్నానికి, వీధివైపు మూల ఆరడుగులూ ఆరడుగులూ మిగిలి ఉండగా కింద కలిపే చోటు నున్నగా ఊడ్చినట్టయిపోయింది. పదమూడు ఖాళీ సంచులూ దులిపి మడతపెట్టేశారు. మూలలో పరచడానికి ఉన్నది మూడంగుళాల మందానికి వస్తుందేమో. మేస్త్రి ఆ మూలవైపు చూశాడు, సంచులవైపు చూశాడు, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. అతను వేళ్ల మీద లెక్కపెట్టడం నేను అదే మొదటిసారి చూడడం. సిమెంటు కొట్టు వీధి చివరే ఉంది. ఒక మాట పంపితే పావుగంటలో బస్తా వచ్చేది. కింద వాకిట్లో చెల్లెలు పక్కింటి ఆడవాళ్లతో నవ్వుతూ అంటోంది:

"తట్టకి మించి మిగిలితే అప్పుడు నన్నడగండి!"

అతను కొట్టుకి మాట పంపలేదు. అంచు వెంబడి ఐదంగుళాలూ నిలబెట్టాడు, చూసేవాళ్లకి కనపడేది అంచే కదా. లోపల మూడుకి దించేశాడు. వారం తిరిగాక పైన గచ్చు పోసి ఎత్తుపల్లాలు లేకుండా సమం చేశాడు. కప్పు అడుగున సిమెంటు పూత పని మాత్రం తను చెయ్యలేదు, ఇంకో మేస్త్రికి అప్పగించాడు. ఆ కప్పువైపు తలెత్తి పని చెయ్యలేకపోయాడని నాకు అర్థమైంది. పూత తనే చేసి ఉంటే, మధ్యలో కప్పు కిందికి దిగి ఉండడం అరచేతికే తెలిసేది. నా బండారం ఆరోజే బయటపడేది. ఆ పూతమేస్త్రి గోడల వారగా మందంగా మెత్తి, అంతా ఒక మట్టానికి తెచ్చి వెళ్లిపోయాడు.

చెల్లెలు తన కుట్టు మిషన్ని తెచ్చి ఆ మూలలోనే వేసుకుంది. అక్కడ కిటికీ ఉంది.

"ఇక్కడ ఎండ కొడుతుందమ్మా, ఆ గోడవైపు వేసుకో" అన్నాడు అన్నయ్య.

"ఎండే కావాలి నాకు. సూదిలో దారం నువ్వొచ్చి ఎక్కిస్తావా?" అంది.

అప్పటినుంచి అతను మారిపోయాడు. బయటివాళ్లు పోల్చుకోలేదు, నేను పోల్చుకున్నాను. అంకె చెప్పేముందు కన్ను ఎక్కువసేపు మూసేవాడు. ఏ ఇంటి పోతకైనా ఇంటివాళ్లకి తెలియకుండా రెండు బస్తాలు సైకిలుకి కట్టుకొచ్చి, పక్క సందులో దాచేవాడు. ఒక్కసారీ వాటి అవసరం పడలేదు. వాటిని ఇంటికి తీసుకుపోయేవాడు, అవి అరుగు మీద చెమ్మ పీల్చుకుని సంచి ఆకారంలోనే గట్టిపడేవి. అలా గట్టిపడ్డ బస్తాలతోనే అతని ఇంటికి మూడు మెట్లయ్యాయి, పెరట్లో కూర్చోడానికి బల్ల అయింది, కుండలు పెట్టుకోడానికి దిమ్మ అయింది. "సిమెంటు బస్తాల్ని పిల్లల్లా పెంచుకుంటున్నాడు" అని అతని భార్య అందరితో చెప్పి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు.

చెల్లెలి ఇంటికి వారానికోసారి తప్పకుండా వెళ్లేవాడు. వెళ్లగానే ఆమెని మిషను దగ్గర్నుంచి లేపి, కాఫీ పెట్టమనో, నీళ్లు తెమ్మనో లోపలికి పంపి, ఆ స్టూలు మీద తను కూర్చునేవాడు. ఉన్నంతసేపూ అక్కడే. తల పైకెత్తి చూస్తూ ఉండేవాడు. పదేళ్లకి ఆ మూల చుట్టూ వెంట్రుకలాంటి గీత పడింది. పదిహేనేళ్లకి వానాకాలంలో ఇనుపచువ్వ తుప్పు చారలు కిందికి దిగాయి. "మా అన్నయ్యకి నామీదకన్నా నా ఇంటికప్పు మీదే ప్రేమెక్కువ" అనేది ఆమె, బట్ట అంచు మడుస్తూ. ఇలా ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు.

ఆ ఇరవై రెండేళ్లలో నేను చెప్పగలిగిన రోజులు ఎన్ని లేవు! "నీ లెక్క తప్పలేదు మేస్త్రీ, నా కర్రలు దిగాయి" అంటే సరిపోయేది. మొదటి ఏడాది భయం. రెండో ఏడాది సిగ్గు. ఆ తరవాత ఆలస్యమైపోయిందనే సాకు దొరికింది, అది అన్నిటికన్నా సుఖమైన సాకు.

పోయిన వేసవిలో చెల్లెలు తనే అన్నయ్య ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఆ రాతి బస్తాల బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఆమెకి పని పెరిగింది. బడిపిల్లల బట్టలు కుట్టే పెద్ద పని ఒప్పుకుంది. ముందుగది మీద ఇంకో గది వేసి, నాలుగు మిషన్లు పెట్టి, నలుగురు ఆడవాళ్లకి పని ఇద్దామని ఆమె ఆశ.

"ఎన్ని బస్తాలో చెప్పన్నయ్యా, రేపే దింపిస్తాను."

మేస్త్రి లేచి ఆమె ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. తరవాత అన్నాడు, "దానిమీద గది వద్దమ్మా. అది మొయ్యదు."

"ఎందుకు మొయ్యదు? నువ్వు పోసిన స్లాబే కదా!"

"అందుకే చెబుతున్నా. ఆరోజు నా లెక్క తప్పింది. బస్తా చాల్లేదు. నీ మిషను ఉన్న మూల పలచగా పోశాను."

ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. "నువ్వా? లెక్క తప్పడమా? నిప్పుకి చెదలు పట్టిందని చెప్పు, నమ్ముతాను."

అతను మళ్లీ చెప్పాడు. అంకెలతో సహా చెప్పాడు. ఆమె మొహంలో నవ్వు పోయి ఇంకేదో వచ్చింది.

"వయసైంది, చెయ్యలేను అంటే సరిపోయేది కదన్నయ్యా. నేను పైకి రావడం నీకిష్టం లేకపోతే ఆ మాటే అను. ఇంత కథ అల్లక్కర్లేదు."

అతను నావైపు చూశాడు, నువ్వూ ఉన్నావు కదరా ఆరోజు, చెప్పు అన్నట్టు. నేను చెప్పులవైపు చూసుకున్నాను. తేలు కుట్టిన దొంగంటే ఎలా ఉంటాడో ఎవరికైనా చూడాలనిపిస్తే ఆ నిమిషంలో నన్ను చూసి ఉండాల్సింది. ఆమె వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లుగా ఊరంతా అతను చెప్పిన ప్రతి అంకెనీ నమ్మింది. తన గురించి తను చెప్పిన ఒక్క నిజాన్ని తోడబుట్టినది నమ్మలేదు. నాకు ఏడుపొచ్చింది.

వారం తరవాత తెలిసింది, ఆమె ఒక కుర్ర కాంట్రాక్టరుతో మాట్లాడుకుంది, ఇటుకలు కూడా దిగాయి. మేస్త్రి నా ఇంటికి వచ్చాడు. డ్రిల్లింగ్ మిషను అద్దెకి తెచ్చుకున్నాడు, చేతికి వేలాడుతోంది.

"నువ్వు కూడా రారా. నిచ్చెన పట్టుకునేవాడు కావాలి."

మేం వెళ్లేసరికి కాంట్రాక్టరు ముందుగదిలోనే ఉన్నాడు. చెల్లెలు మిషను దగ్గర ఉంది. మేస్త్రి నేరుగా ఆ మూలకి నడిచాడు. ఆమెని స్టూలు మీదనుంచి లేపాడు, మిషను మీద దుప్పటి కప్పాడు, నిచ్చెన వేసుకుని ఆ మూల కప్పుకి రంధ్రం వేశాడు. పైన వెలుతురు కనపడగానే ఆపాడు. పై గచ్చు ఎంతో, పూత ఎంతో, నడుమ కాంక్రీటు ఎంతో సన్నటి ఊచ దూర్చి సుద్దముక్కతో గుర్తు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"నీ టేపుతో నువ్వే కొలుచుకో."

ఆమె మెడలో వేలాడే కొలత టేపు తీసి కొలిచింది. మూడంగుళాలకి గీత తక్కువ.

కాంట్రాక్టరు తెలివైనవాడు. ఫోను తీసి పొడవు, వెడల్పు, మందం నొక్కాడు. "పద్నాలుగు, పన్నెండు, ఐదంగుళాలు... పదమూడు బస్తాలే వస్తోందండీ. మీ లెక్క కరెక్టే. మరి ఎందుకు చాల్లేదు?" అన్నాడు. డ్రిల్లు అందుకుని, బల్ల లాక్కుని ఎక్కి గది నడిమధ్యలో తను ఇంకో రంధ్రం వేశాడు. కొలిచాడు. "ఇక్కడ ఆరుంది! ఐదుండాల్సిన చోట ఆరు. మధ్యలో దిగినట్టుంది."

మేస్త్రి నిచ్చెన మీదే ఉండిపోయాడు. ఎడమకన్ను మూసుకున్నాడు. లెక్క వేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. మధ్యలో ఎక్కువైనదెంతో, మూలలో తక్కువైనదెంతో, రెండూ సరిపోయాయి. కన్ను తెరిచి నావైపు చూశాడు.

"మధ్య కర్రల కింద పలకలు వెయ్యలేదు మేస్త్రీ" అన్నాను. "వానకి దిగాయి. నేను చూశాను. నువ్వడిగితే బాగానే ఉందన్నాను."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను నిచ్చెన దిగాడు, చేతుల దుమ్ము దులుపుకున్నాడు.

"కర్రలు దిగింది నీవల్ల. బస్తా తెప్పించనిది నేను. ఆ రెండూ కలపకు."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. అతను తన పిడికెడు నాకు పంచి ఇవ్వడానికి కూడా ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్లు తన లెక్క మీద తను నమ్మకం పోగొట్టుకుని బతికాడు, ఆ లెక్క తప్పలేదని తెలిసిన రోజున కూడా అతనికి దక్కిన సంతోషం ఏమీ లేదు.

చెల్లెలు ఊచ ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. మా ఇద్దరి మాటలూ ఆమెకి పట్టలేదు. లెక్క ఎవరిది తప్పిందో ఆమెకి అక్కర్లేదు. దుప్పటి కప్పిన మిషనువైపు చూసింది, పైకి చూసింది.

"నా కూతురు ఈ స్టూలు పక్కనే ఉయ్యాల్లో పెరిగింది అన్నయ్యా" అంది. "నీకు తెలిసే, నన్ను దీని కింద కూర్చోనిచ్చావా?"

"ఎండ కొడుతుందని చెప్పానమ్మా..." అన్నాడు. అని, అదెంత చేతకాని మాటో తనకే తెలిసినట్టుంది, ఆగిపోయాడు. వచ్చినప్పుడల్లా ఆమెని లేపి ఆ స్టూలు మీద తను కూర్చున్న సంగతి చెప్పలేదు. ఆమెకీ గుర్తు రాలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

మేడ గది ఆగిపోయింది. దిగిన ఇటుకలు వెనక్కి పోయాయి. ఆ బట్టల పని కూడా చెయ్యి జారింది. ఉన్న కప్పుని కాపాడాలంటే ఆ మూల కింద ఒక స్తంభం వెయ్యాలని కాంట్రాక్టరు చెప్పాడు. మేస్త్రి తనే వేస్తానన్నాడు. ఆమె వద్దనలేదు, సరేనని కూడా అనలేదు.

స్తంభం పోసే రోజు ఉదయం నేను కప్పుకి ఊతంగా కర్రలు నిలబెట్టాను. ప్రతి కర్ర కిందా రెండేసి పలకలు వేశాను. ఆమె మోకాళ్ల మీద వంగి, ఒక్కో కర్ర కిందా చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. తరవాత మెడలోని టేపు తీసి, స్తంభానికి నేను బిగించిన పెట్టె కొలిచింది, అడుగున తవ్విన గుంట కొలిచింది, కళ్లజోడు సర్దుకుని ఫోనులో ఆ అంకెలు ఒక్కొక్కటే నొక్కింది.

"మూడు అంటోంది. ఐదు బస్తాలెందుకు తెచ్చావు?"

"ఉంటే మంచిదని" అన్నాడు మేస్త్రి.

అతను పాదాలతో కొలవలేదు. కన్ను మూయలేదు. అంకె చెప్పలేదు. ఆమె గుమ్మంలో నిలబడి, లోపలికి వెళ్లే ప్రతి తట్టనీ పైకే లెక్కపెట్టింది. చివరి తట్ట పోసేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. మూడు బస్తాలే పట్టాయి. మిగిలిన రెండూ మూతి విప్పకుండానే సైకిలుకి కట్టుకున్నాడు.

అతను వెళ్లేముందు ఆమె అడిగింది, "ఇంక ఇక్కడ కూర్చోవచ్చా?"

ఎన్నో ఇళ్లలో ఈ ప్రశ్నకి అతను చిటికెలో జవాబు చెప్పడం విన్నాను. ఇప్పుడు సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇరవై ఎనిమిది రోజులు నీళ్లు పట్టాలమ్మా. తరవాత కూర్చోవచ్చు."

ఆ ఇరవై ఎనిమిది రోజులూ పొద్దునా సాయంత్రం వచ్చి స్తంభానికి గోనె చుట్టి నీళ్లతో తడిపి పోయాడు. ఇరవై తొమ్మిదో రోజున కర్రలు విప్పడానికి నేనూ వెళ్లాను. స్తంభం నిటారుగా, నున్నగా, బండలా ఉంది. పాతికేళ్ల కిందట అయితే చేత్తో తట్టి పదిమందికీ చూపించేవాడు. ఆమె కోసం స్టూలు తుడిచి, కిటికీ కింద పెట్టాడు.

మిషను చప్పుడు మాత్రం వెనకగదిలోంచి వినపడుతోంది. అక్కడ కిటికీ లేదు. పట్టపగలే దీపం వేసుకుని కుడుతోంది. అతను కాసేపు ఆ స్టూలు మీద తనే కూర్చున్నాడు. అలవాటుకొద్దీ తల పైకెత్తాడు. వెనకగదిలోకి వినపడేలా, "వెళ్లొస్తానమ్మా" అన్నాడు. మిషను ఆగలేదు.